కడిగిన గొంతు

మైకు స్టాండును విశ్వేశ్వర్ మూడోసారి కిందికి దించాడు. మాణిక్యమ్మ పొట్టి మనిషి, పైగా పాడేటప్పుడు గడ్డం పైకెత్తుతుంది, అందుకని మైకు ఆమె నోటికి కాస్త పైన ఉండాలన్నది పదకొండేళ్లుగా అతని చేతులకు తెలుసు. అయినా ఇవాళ చేతులు ఆ ఎత్తును మరిచిపోయినట్టు దించుతున్నాయి, ఎత్తుతున్నాయి. ఆమె తొమ్మిదింటికి ఫోన్ చేసింది. "తమ్మీ, దుకాణం తీసినవా? గంటల వస్త. మైకు పెట్టి ఉంచు" అంది. స్టూడియోను ఆమె ఎన్నడూ స్టూడియో అనలేదు, దుకాణమే. తర్వాత కాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది, ఊపిరి వెనక బర్రె మెడగంట. ఆ తర్వాత, "ఇయ్యాల సాయంత్రం దవఖానల చేరుతున్న. రేపు పొద్దుగాల కోస్తరు" అంది, సొరకాయను కోస్తారన్నంత మామూలుగా. క్యాన్సర్ ముదిరిందని గొంతులోని స్వరపేటిక మొత్తం తీసేస్తారు. మెడ మీద ఒక రంధ్రం మిగులుతుంది, ఊపిరి అందులోంచి వస్తుంది, పోతుంది, మాట మాత్రం ఉండదు. ఇది గౌలిపురలో అందరికీ తెలిసిన సంగతే. అతనికొక్కడికే తెలిసింది ఇంకొకటి ఉంది. గంటలో ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంటే అది చెప్పాలా వద్దా అన్నది తేలక, తేల్చుకునే పని చేతులకు అప్పజెప్పి, అతను స్టాండును మళ్లీ పైకి లేపాడు.

గది కొత్తది. గోడలకు ఇంకా జిగురు వాసన. లోపల నిలబడి తలుపు వేసుకుంటే సందులో పాత సామాన్ల బండివాడి కేక, ఎదురింటి మిక్సీ, మోటార్ సైకిళ్లు, అన్నీ ఒక్కసారిగా తెగిపోయి చెవుల్లో సొంత రక్తం చప్పుడు వినిపిస్తుంది. మొదట్లో ఈ నిశ్శబ్దం కోసం ఎంత పాకులాడాడు. పదకొండేళ్ల కింద ముందు గది ఒక్కటే ఉండేది, గోడలకు తవుడు సంచులు, వాటి మీద బొంతలు, మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ నుంచి నలుగురు మోసుకొచ్చిన మందపాటి తలుపు. తవుడు సంచులు మాణిక్యమ్మే ఇచ్చింది, వాళ్లింటి బర్రెల దాణా సంచులు, దులిపి, ఉతికి, ఎండేసి మరీ ఇచ్చింది. అయినా వానాకాలంలో గదంతా తవుడు వాసన వచ్చేది, పాడటానికి వచ్చినవాళ్లు ముక్కులు ఎగరేసేవాళ్లు. దబీర్‌పురా వైపు రైలు పోతే అందరూ పాట ఆపి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడేవాళ్లు, రైలు పోయాక ఎక్కడ ఆపారో అక్కణ్నుంచి అందుకునేవాళ్లు. ఈ గదిలోకి రైలు రాదు. రెండు పొరల అద్దం, అద్దానికి ఇవతల తన కుర్చీ, అవతల పాడే మనిషి. జూబ్లీహిల్స్ వైపు ఉన్నట్టే ఉందన్నా, పాతబస్తీలో ఇట్లాంటి గది లేదు అని పిల్లలు ఫొటోలు దిగుతారు. ఆ మాట విన్నప్పుడల్లా అతను తల దించుకుని కేబుళ్లు చుట్టుకుంటాడు. ఈ గది ఎట్లా వచ్చిందో అద్దానికి తెలియదు.

వినడం అతనికి తండ్రి దగ్గర్నుంచి వచ్చింది. బాపు బాలనర్సింహ కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు. కడ్డీలను వరసగా పరిచి పెట్టేవాళ్లట, బాపు చిన్న సుత్తితో ఒక్కొక్కదాన్ని తట్టి తల పక్కకు వంచి వినేవాడట. మంచి కడ్డీ గంటలా మోగి చాలాసేపు నిలుస్తుంది, లోపల పగులున్నది టక్కున మూగబోతుంది, బయటికి మాత్రం రెండూ ఒకేలా మెరుస్తుంటాయి. మిషన్లు వచ్చాక కూడా ఇంజనీర్లు, బాలనర్సింహా, నువ్వొకసారి విను అని పిలిచేవాళ్లని బాపు చెప్పుకునేవాడు. ఇంట్లో కుండలు, గ్లాసులు, పెళ్లికి ఇచ్చిన ఇత్తడి బిందెలు, దేన్నీ తట్టకుండా వదిలేవాడు కాదు. చిన్నప్పుడు ఒకసారి విశ్వేశ్వర్ అడిగాడు, పగిలింది దొరికితే ఏం చేస్తవు బాపూ అని. "ఏం చేస్త, సుద్దముక్కతోని గీత గీసి పక్కకు పెడ్త" అన్నాడు బాపు. మరి పెద్దసారు గుస్స చేస్తే? "చేస్తే చేస్తడు. ఇన్నంక ఇననట్టు ఎట్లుంట?" బాపు పోయి ఏడేళ్లయింది. ఆ మాట ఇన్నేళ్లు ఎక్కడుందో గానీ, ఫిబ్రవరిలో దవాఖాన వరండాలో నిలబడి ఉన్నప్పుడు, భాగ్యశ్రీ డాక్టర్ గదిలోంచి బయటికి వచ్చినప్పుడు, సరిగ్గా అప్పుడు చెవిలో పడింది, బాపు పక్కనే బెంచీ మీద కూర్చుని అన్నట్టు.

భాగ్యశ్రీ మాణిక్యమ్మ కూతురు. ఆ రోజు ఏడవలేదు, ఫైలు చంకలో పెట్టుకుని గోడను చూస్తూ చెప్పింది. "మామా, ఆరేడు నెలల ముందొస్తే వట్టిగ రేడియేషన్ కరెంటు పెట్టి నయం చేస్తుంటిమి, గొంతు గుడ మిగులుతుండె అన్నడు డాక్టర్. నేను ఆగస్టులనే చెప్పిన అమ్మకు. గొంతు బొంగురుపోయి తక్కువైతలేదు, సూపిచ్చుకుందం పా అని మస్తు లొల్లి చేసిన. ఇనలే. ఫోన్ల నీ దగ్గర పాడిన పాట పెట్టింది. ఇను, నా గొంతు అద్దంలెక్కున్నది, దానికేమయింది అన్నది. నేనేమంట ఇగ." అతనికి కాళ్ల కింద నేల చల్లగా ఉండటం మాత్రం గుర్తుంది. చెప్పులు ఎక్కడ విప్పాడో, ఎందుకు విప్పాడో గుర్తు లేదు.

అద్దంలాంటి ఆ గొంతు మాణిక్యమ్మది కాదు. ఆమెదే, కానీ పోయిన జూన్‌లో ఆ పాట పాడినప్పటిది కాదు. ఇంతకన్నా తేలికగా ఈ మాట చెప్పే దారి ఉందా అని నెల రోజులుగా వెతుకుతున్నాడు. స్నానం చేస్తూ, కేబుళ్లు చుడుతూ, బండి మీద పోతూ సిగ్నల్ దగ్గర ఆగి, పెదవులు కదుపుతూ వెతుకుతున్నాడు. అక్కా, నేనొక తప్పు చేసిన. అక్కా, నీ పాటలు జర సాపు చేసిన, అందరికీ చేస్తం గదా. అక్కా, నాకేమన్న డాక్టర్ చదువున్నదా. ప్రతి వాక్యమూ బయల్దేరిన చోట బాగుంటుంది, సగం దాకా వెళ్లేసరికి మూగబోతుంది. నిజమే, అందరికీ సాపు చేస్తాడు. ఊపిరి చప్పుళ్లు తీస్తాడు, తప్పిన శ్రుతిని లేపి చోట్లో కూర్చోబెడతాడు, పెళ్లిళ్లకు కేకలేసి పాడిన బ్యాండువాళ్ల గొంతులకు నున్నదనం పూస్తాడు. ఎవరూ చచ్చిపోలేదు. కానీ మాణిక్యమ్మ గొంతులో అతను విన్నది తప్పిన శ్రుతి కాదు. ఏం వింటున్నాడో అతనికి తెలుసు. తెలియకపోతే ఎంత బాగుండేది.

తెలియడానికి కారణం మీర్ అబ్బాస్ సాబ్. దబీర్‌పురాలో మొహర్రం రోజుల్లో ఆయన శోకగీతం ఎత్తుకుంటే మగవాళ్లు కూడా దుఃఖం ఆపుకోలేకపోయేవాళ్లు. అయిదేళ్ల కింద విశ్వేశ్వర్ ఆయన్ను పాత గదిలోనే రికార్డు చేశాడు. హెడ్‌ఫోన్లలో ఆయన ప్రతి మాటకూ ముందు సన్నటి గాలి వినిపించింది, మూత సరిగ్గా పడని కుక్కర్‌లా. గాలి ముందు, గొంతు వెనక. పెద్దాయన కదా, వయసు అనుకున్నాడు. ఎనిమిది నెలల తర్వాత దబీర్‌పురా స్టేషన్ దగ్గర ఎదురయ్యాడాయన, మెడకు తెల్లటి గుడ్డ కట్టుకుని. విశ్వేశ్వర్ సలాం చేస్తే చేయెత్తి నవ్వాడు. పక్కనున్న అల్లుడు చెప్పాడు, గలే కా ఆపరేషన్ హువా భాయ్, ఆవాజ్ చలీ గయీ, గొంతుకు ఆపరేషన్ అయింది, మాట పోయింది అని. అబ్బాస్ సాబ్ గుడ్డను చేత్తో సర్దుకుంటూ ఏదో చెప్పబోయాడు, పెదవులు మాత్రమే కదిలాయి. ఆ రాత్రి విశ్వేశ్వర్ ఆయన పాటలు మళ్లీ తీసి విన్నాడు. ఆ గాలి ఉంది. మొదటి పాట నుంచీ ఉంది. ఇక ఆ చప్పుడును జన్మలో ఎక్కడ విన్నా గుర్తు పడతానని అప్పుడే అనుకున్నాడు.

గుర్తు పట్టాడు కూడా. పోయిన జూన్‌లో, మూడో పాటలో. ఆషాఢం దగ్గర పడుతోంది, బోనాల పాటలు ఎనిమిది కావాలని ఒక పెద్ద యూట్యూబ్ చానెల్ వాళ్లు వచ్చారు. అప్పటిదాకా పాతబస్తీ వైపు వాళ్లు వచ్చిందే లేదు, ఇవి గనక బాగా పోతే బోనాలు, బతుకమ్మ, పెళ్లి పాటలు, ఏడాది పొడుగునా మీ దగ్గరే అన్నారు. ఆ మాట కోసం అతను పదేళ్లు ఎదురు చూశాడు. పదేళ్లలో ఎంతమంది కుర్రాళ్లు అతని దగ్గర మొదటి పాట పాడి, రెండో పాటకు ఊరవతల పెద్ద స్టూడియోలకు పోయారు. పాడేది ఎవరని చానెల్ వాళ్లడిగితే మాణిక్యమ్మ అన్నాడు, ఇంకో పేరు నోటికి రాలేదు. గౌలిపురలో పాలు పోస్తూ తిరిగే మనిషి, ఆషాఢం వస్తే మైకుల్లో ఆమె గొంతే. మొదటి రెండు పాటలూ బాగానే వచ్చాయి. మూడో దాంట్లో 'తల్లీ' అని పైకెత్తే చోట ఆమె ఆగింది, దగ్గింది, నవ్వింది. "దుమ్ము తమ్మీ, సందంత తవ్విపెట్టిన్రు" అంది. వేడి నీళ్లు తాగి మళ్లీ ఎత్తుకుంది. అప్పుడు వినిపించింది, హెడ్‌ఫోన్లలో, కుడిచెవి దగ్గర ఎవరో ఊదినట్టు. గాలి ముందు, గొంతు వెనక. అతను తల పక్కకు వంచాడు. మళ్లీ పాడమన్నాడు. మళ్లీ అదే. అద్దం లేదు అప్పటికి, ఆమె రెండు అడుగుల దూరంలోనే నిలబడి ఉంది, ఏమయిందన్నట్టు కనుబొమలు ఎగరేసింది. అప్పుడే చెప్పొచ్చు. అక్కా, ఒక్కసారి గొంతు చూపిచ్చుకో. నాలుగు మాటలు. అతను బొటనవేలు పైకెత్తి, బాగుందని సైగ చేశాడు.

ఆ బొటనవేలిని ఇప్పుడు చూసుకున్నాడు. మామూలు వేలే. కేబుల్ కోసుకున్న మచ్చ ఒకటుంది.

ఆ తర్వాత చేసింది చేతిపనే, అతనికి బాగా వచ్చిన పని. మూడేళ్ల కిందటి ఆమె పాటలు ఉన్నాయి, వాటిలో ఎన్ని తల్లులు, ఎన్ని అమ్మలు, ఎన్ని ఓ కారాలు. గాలి ముందు వచ్చిన ప్రతి మాట మొదలునూ కోసేసి, ఆ చోట పాత మాట మొదలు అతికించాడు. ఎనిమిది పాటల్లో నలభై ఒక్క చోట్ల. అతుకు ఎవరికీ తెలియదు, అతనే రెండు రోజులాగి వింటే అతనికే తెలియలేదు, కాస్త గర్వపడ్డాడు కూడా. తలుచుకుంటే దాని దగ్గరే మనసు ఎక్కువసేపు ఆగుతుంది, గర్వపడ్డ దగ్గర. పాటలు బయటికి వచ్చాయి. లాల్‌దర్వాజా నుంచి ఉప్పుగూడ దాకా ప్రతి పందిట్లో అవే. అక్క గొంతు పదహారేళ్ల పిల్లలెక్క ఉంది అని కింద రాసినవాళ్లు ఎందరో. చానెల్ వాళ్లు మాట నిలబెట్టుకున్నారు, దసరాకు గది లేచింది, గది తెరిచిన రోజు కొబ్బరికాయ మాణిక్యమ్మ చేతనే కొట్టించాడు. ఆ రోజు ఆమె గొంతు ఇంకా బొంగురుగా ఉంది. "పాటలెక్కువ పాడిన గద, అందుకే" అంది. అతను అవునక్కా అన్నాడు. అవునక్కా అన్నాడు.

ఒకవేళ చెప్పకపోతే. గడియారం పది దాటింది. చెప్పకపోతే ఏమవుతుంది, ఆపరేషన్ ఆగదు, పోయిన నెలలు రావు, ఆమె మనసుకు ఇంకొక గాయం ఎందుకు, రేపు కత్తి కిందికి పోయే మనిషికి. దయగా ఉంది ఈ ఆలోచన, నున్నగా ఉంది. నున్నగా ఉన్నదాన్ని తను ఎట్లా తయారు చేస్తాడో అతనికి తెలుసు. పైగా ఆమె ఎందుకు వస్తోంది? చివరిసారి పాడటానికి. ఆ గొంతుతో పాడుతుంది, ఎత్తు అందుకోలేకపోతుంది, తమ్మీ పోయినేడులెక్క సాపు చెయ్యి అంటుంది, అప్పుడేం చేస్తాడు? ఆమెకు ఇష్టమైన పాటల పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టాడు, పాట మరిచిపోతే కనబడాలని పెద్ద అక్షరాలతో. పదమూడు పేర్లు. కాగితాన్ని తిరగేశాడు, మళ్లీ సరిగ్గా పెట్టాడు. సందులో ఆటో ఆగిన చప్పుడు.

తలుపు తీసేసరికి మాణిక్యమ్మ గడప దగ్గర నిలబడి ఉంది, మెడ చుట్టూ శాలువా, బాగా చిక్కిపోయింది, బొట్టు మాత్రం ఎప్పటిలాగే రూపాయంత. వెనకాల భాగ్యశ్రీ ఫైలు పట్టుకుని. "మామా, అమ్మను కూసోబెట్టు. దవఖానల రెండు సెట్ల జిరాక్సులు అడిగిన్రు, తీపిచ్చుకొస్త" అని అటు నుంచి అటే వెళ్లింది. మాణిక్యమ్మ వచ్చి అతని కుర్చీలో కూర్చుంది, ఎప్పుడూ కూర్చోనిది. ఊపిరి కూడదీసుకుంటోంది. కిందపడ్డ సంచిని ఈడుస్తున్నట్టుంది ఆ చప్పుడు. అతను నీళ్లిచ్చాడు. తాగలేక, గ్లాసు ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ చెబుదాం, పాడాక చెబుదాం అని లోపల ఒకడు అంటుండగానే, ఇంకొకడి నోటి నుంచి వచ్చినట్టు మాట వచ్చేసింది.

"అక్కా, నీ గొంతు చెడ్డదని నాకు ముందే తెల్సు."

ఆమె తలెత్తింది. "ముందంటే?"

"జూన్ల. బోనాల పాటలప్పుడు. మూడో పాట కాడనే ఇన్న."

"మరి పాట మంచిగనే వచ్చె గద."

"గది అప్పటి గొంతు గాదక్కా. చెడ్డ కాడల్లా కోసేసి, నీ పాత పాటలకెల్లి తీసి అతికిచ్చిన."

ఆమె గ్లాసులోకి చూసింది. "అతుకేసినవ్" అంది. "చీరకేసినట్టు."

"ఆ."

"నేను ఆ పాటనే పెట్టిన భాగ్యకు. దవఖానకు పోదం అని అది మొత్తుకున్న దినం. ఇను, నాకేమయింది అన్న." ప్రతి రెండు మాటలకూ ఆగి ఊపిరి పీల్చుకుంటోంది. "దానికే గాదు. నేను గుడ ఇన్న. జర డౌట్ ఉండె నాకు లోపల. పాట ఇన్నంక పోయింది డౌటు."

ఇది అతనికి తెలియదు. ఇది అతను లెక్కలోకి తీసుకోలేదు. ఆమె కూడా తన గొంతును తనే అనుమానించిందని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోన్ చెవికి ఆనించుకుని, ఆ నలభై ఒక్క అతుకులను విని నిమ్మళపడిందని. అతను గోడకు ఆనుకున్నాడు. కొత్త గోడ, మెత్తగా ఉంది, ఏ చప్పుడూ చేయలేదు.

"ఎందుకు చెప్పలే తమ్మీ?"

డాక్టర్ చదువు, దుమ్ము, వయసు, భయం, అన్నీ వరసగా నోటి దాకా వచ్చాయి. ఒక్కొక్కటీ బయట మెరుస్తూ ఉంది. "నువ్వు దవఖానకు పోతే పాటలాగుతుండె" అన్నాడు. "పాటలాగితే ఈ గది రాకుండె."

మాణిక్యమ్మ గదిని చూసింది. గోడలు, అద్దం, పైన దీపాలు, నేల మీది తివాచీ, ఒక్కొక్కటీ చూసింది, కొనడానికి వచ్చినట్టు. తిట్టలేదు. తిడితే బాగుండు అనుకున్నాడు, ఆ తర్వాత, తిట్టడానికి ఆమె దగ్గర ఎన్ని మాటలు మిగిలాయని తిడుతుంది, వాటిని దేనికి దాచుకుందో అనుకున్నాడు.

"కోయకముందుది ఉన్నదా? దగ్గులతోని?"

"ఉన్నది."

"పెట్టు."

అతను వెతకలేదు, ఎక్కడుందో చేతికి తెలుసు. మూడో పాట, అసలుది. స్పీకర్లలో ఆమె గొంతు వచ్చింది, ఎక్కింది, 'తల్లీ' దగ్గర చిరిగింది, దగ్గింది, నవ్వింది, దుమ్ము తమ్మీ అంది. మాణిక్యమ్మ కళ్లు మూసుకుని వింది. మళ్లీ ఎత్తుకున్న చోట ఆమె వేళ్లు తన మెడ మీదికి పోయి, శాలువా పైనుంచే అక్కడ ఆగాయి. గాలి వినిపించిన ప్రతిసారీ ఆమె ముఖంలో ఏదో చిన్నగా తగ్గుతూ వచ్చింది, చాలా రోజులుగా ఎవరో కాదని వాదిస్తున్న మాటను ఎట్టకేలకు ఒప్పుకున్నట్టు. "గిట్లుంటిని" అంది. "గిదే నేను." పాట అయిపోయాక కూడా కళ్లు తెరవలేదు. తలుపు చప్పుడై భాగ్యశ్రీ జిరాక్సులతో లోపలికి వచ్చింది. మాణిక్యమ్మ కళ్లు తెరిచి లేచి, మైకున్న గదిలోకి నడిచింది.

అతను పాటల కాగితం తీసుకుని వెంట వెళ్లాడు. ఆమె దాన్ని చదివింది, నాలుగు మడతలు పెట్టి అతని జేబులోనే పెట్టింది. "పాటలు బయట మస్తున్నయి. నాకు పాటలొద్దు" అంది.

మరి ఏం రికార్డు చేయాలో అతనికి భాగ్యశ్రీ చెప్పింది, అద్దానికి ఇవతల, అతని పక్కన స్టూల్ మీద కూర్చుంటూ. "బర్రె కోసం మామా. పోయిన వారం టెస్టులకని అమ్మ రెండ్రోజులు దవఖానల ఉన్నదా, గంగి చుక్క పాలియ్యలే. మా బాపు పిండ కూసుంటే తన్నింది. అమ్మ పిలుపు ఇంటెనే చేపుతది, పాలు దింపుతది అది." హెడ్‌ఫోన్లు ఒకటే జత, అవి తను పెట్టుకుని స్పీకర్లు ఆపేశాడు. ఎర్రదీపం వెలిగింది. అద్దం అవతల మాణిక్యమ్మ గడ్డం ఎత్తింది.

"గంగీ. గంగీ, ఇటు రా. నిలు, నిలు. చేపు నా తల్లి, చేపు. ఆ. గట్ల." మైకుకు కాదు, నిజంగా కడుపు పక్కన కూర్చుని అంటున్నట్టు, చేతులు కూడా కదులుతున్నాయి. ఆగి ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత మనవరాలిని పిలిచింది, "అఖిలా, జడేసుకోకుంట యాడ ఉరుకుతున్నవే, రిబ్బను తే." ఆ తర్వాత, భర్త పెంటయ్య పేరు ఎన్నడూ పలకని మనిషి, "ఇగో, ఇంటున్నవా, అన్నం సల్లారుతుంది" అంది, రెండుసార్లు, రెండోసారి కాస్త విసుగ్గా, ఇంట్లో అయితే రెండోసారికి ఆ విసుగే ఉంటుంది కాబట్టి. "ఓ భాగ్యా, పొయ్యి మీద పాలున్నయి, సూడు." ప్రతి పిలుపు ముందూ గాలి ఉంది. ఇప్పుడది గొంతు కన్నా పెద్దగా ఉంది. అతని చెయ్యి దేన్నీ సరిచేయలేదు, బల్ల మీద పడి ఉంది.

తర్వాత ఆమె మాట్లాడటం ఆపి, అద్దంలోంచి సూటిగా అతన్ని చూసింది.

"తమ్మీ, గిప్పుడు నేననేది నీకొక్కనికే ఇనొస్తది గద. తలకాయ ఊపు."

ఊపాడు. పక్కన భాగ్యశ్రీ కాగితాలు సర్దుకుంటోంది.

"భాగ్యకు తెల్వాలె. నా మొండితనంతోనే గిట్లయిందని అది నాతోని ఆ దినంకెల్లి మంచిగ మాట్లాడుతలేదు. నేను గుడ అట్లనే అనుకున్న. ఇయ్యాల చెప్పొద్దు, దాని చెయ్యి పట్టుకొనే నేను లోపలికి పోవాలె. ఆపరేషన్ అయినంక చెప్పాలె. అప్పటికి నాకు మాటుండదు." ఊపిరి. "నువ్వే చెప్పాలె. నేను పక్కన కూసుంట. సాపు చెయ్యకుంట, ఎట్లున్నది అట్ల చెప్పాలె."

అతను ఊపాడు.

"మాఫ్ చేసినవా అక్కా అని మాత్రం అడగకు. నాకు ఇంకా తెల్వదు."

"ఏమంటుంది మామా?" భాగ్యశ్రీ తలెత్తి అడిగింది. అద్దం అవతల పెదవులు కదలడం మాత్రమే ఆమెకు కనబడుతోంది.

"ఆపరేషన్ అయినంక నేను చెయ్యాల్సిన పనొకటి చెప్తుంది" అన్నాడు.

ఎర్రదీపం ఆర్పాడు. గంగిని పిలిచిన ముక్కను భాగ్యశ్రీ ఫోన్లోకి ఎక్కించాడు, మనవరాలిది, పెంటయ్యది, ఆమెది కూడా. భాగ్యశ్రీ తన పిలుపును అక్కడే పెట్టుకుని వింది, పాలున్నయి సూడు, ఒక్కసారి విని ఫోన్ సంచిలో వేసుకుని మొహం అటు తిప్పుకుంది. మాణిక్యమ్మ బయటికి వచ్చి శాలువా సర్దుకుంది. ఆటో దాకా ముగ్గురూ నడిచారు. మాణిక్యమ్మ చెయ్యి కూతురి భుజం మీద ఉంది, అతను పట్టుకోబోతే కాదనలేదు గానీ బరువు అటే వేసింది. ఆటో ఎక్కించాక భాగ్యశ్రీ వెనక్కి తిరిగింది.

"థాంక్స్ మామా. రాత్రంత విశ్వంకు ఫోన్ చెయ్యాలె, విశ్వం దుకాణంకు పోవాలె అని ఒకటే కలవరిచ్చింది అమ్మ. నువ్వు గాకుంటె ఎవలు చేస్తరు గిది."

ఆటోలో మాణిక్యమ్మ ముందుకు చూస్తూ కూర్చుని ఉంది. వింటోంది. అతనికి ఏదో ఒకటి అనాలనిపించింది, అట్లేంలేదు బిడ్డా అనో, మరొకటో, అటువంటివి నోటికి ఎంత సులువుగా వస్తాయో అతనికి తెలుసు.

"వార్డులకు ఎప్పుడు రానిస్తరు?" అని అడిగాడు.

"బుధవారం. సాయంత్రం నాలుగింటికి."

"బుధవారం వస్త" అన్నాడు విశ్వేశ్వర్. "నీతోని మాట్లాడేదుంది భాగ్యా."

ఏందన్నట్టు చూసి, సరే మామా అని ఆమె ఆటో ఎక్కింది. మాణిక్యమ్మ జరిగి కూతురికి చోటిచ్చింది.